నాలుగు రోజులు కైకలూరులో ఉండి రండి

(మన సంఘం వార్షిక సమావేశంలో భోజన విరామం తరువాత ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



భోజనం అయిన వెంటనే మాట్లాడటం ఎంత కష్టమో, వినటం అంతకంటె కష్టం. ఉదయమంతా డి.ఎ. బకాయిలు, లైఫ్ సర్టిఫికెట్లు, హెల్త్ కార్డుల మీద పెద్దలు మాట్లాడారు. అవి కడుపుకు సంబంధించిన విషయాలు. నాకు ఇచ్చిన అంశం "విశ్రాంత జీవితంలో విహారం". కార్యదర్శి గారు కాశీ గురించో, ఊటీ గురించో చెబుతాననుకుని ఉంటారు. నేను కైకలూరు గురించి చెబుతాను.

నవ్వుతున్నారు. నవ్వండి. 1984లో నాకు కైకలూరు బదిలీ అయిందని చెప్పినప్పుడు మా ఆఫీసులోనూ ఇలాగే నవ్వారు. ఒకాయన, "ఏం నేరం చేశావయ్యా?" అని కూడా అడిగాడు. బందరు నుంచి భీమవరం వెళ్ళేటప్పుడు కిటికీలోంచి కనపడి వెళ్ళిపోయే స్టేషను అది. టీ తాగుదామని దిగేవారే తప్ప ఉందామని దిగేవారు తక్కువ. ఆ ఊరికి ఆనుకుని కొల్లేరు ఉందన్న సంగతి చిన్నప్పుడు భూగోళం పుస్తకంలో బట్టీ పట్టాం, పరీక్ష అయ్యాక మరిచిపోయాం.

నేను డ్రైనేజి శాఖలో పనిచేశాను. ఓవర్సీరుగా చేరి, 2009లో రిటైరయ్యాను. కాలువల శాఖ వాళ్ళకు ఊళ్ళో గౌరవం ఉండేది, నీళ్ళు ఇచ్చేవాళ్ళు కాబట్టి. మాది మురుగు కాలువల శాఖ. మీరు వాడి వదిలేసిన నీళ్ళు మా లెక్క. అందుకని మమ్మల్ని ఎవరూ పెళ్ళిళ్ళకు పిలిచేవారు కాదు, వరదలప్పుడు మాత్రం పిలిచేవారు.

కైకలూరు ఎందుకు వెళ్ళాలో నాకు తోచిన కారణాలు వరుసగా చెబుతాను. ఆఖరి కారణం కొంచెం సొంత విషయం. దాన్ని చివరకు ఉంచాను, ఈలోగా ఎవరైనా నిద్రపోతే నాకు సుఖం.

మొదటి కారణం, దగ్గర. బెజవాడ నుంచి బందరుకు రైలు 1908లో వచ్చింది. గుడివాడ నుంచి భీమవరానికి 1928లో వేశారు. ఆ దారిలో గుడివాడ దాటి మండవల్లి తరువాత కైకలూరు. గుడివాడ వాళ్ళు పొద్దున కాఫీ తాగి బయలుదేరితే రెండో కాఫీ వేళకు అక్కడుంటారు. బందరు వాళ్ళకు గుడివాడలో బండి మారటమో, పెడన, బంటుమిల్లి మీదుగా రోడ్డున పోవటమో. దివిసీమ వాళ్ళకు పామర్రు వచ్చి, అక్కడినుంచి గుడివాడ మీదుగా జాతీయ రహదారి. రిజర్వేషను అక్కరలేదు, స్వెట్టరు అక్కరలేదు. ఇంకో ముఖ్యమైన సంగతి, మెట్లు లేవు. మన సంఘంలో మోకాళ్ళు బాగున్నవాళ్ళు చేతులెత్తమంటే ఎన్ని చేతులు లేస్తాయో నాకు తెలుసు. ఏ దిక్కుకు నడిచినా అరచేతిలా చదునుగా ఉండే ప్రదేశం అది.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు కైకలూరు ఏలూరు జిల్లాలోకి పోయింది. మండవల్లి, ముదినేపల్లి, కలిదిండి కూడా దానితోనే వెళ్ళాయి. మన సర్వీసంతా కృష్ణా జిల్లా అని రాసుకున్న ఊళ్ళు అవి. ఆడపిల్లను అత్తవారింటికి పంపినంత మాత్రాన రాకపోకలు మానుకుంటామా?

రెండో కారణం, కొల్లేరు. చూడటానికి కాదు, తెలుసుకోవటానికి వెళ్ళమంటున్నాను. చాలామంది వెళ్ళి, "ఏముందండీ, చెరువు గట్లూ గుర్రపు డెక్కా తప్ప" అని తిరిగొచ్చారు. నిజమే. సముద్రంలాంటి నీటిపట్టు ఊహించుకుని వెళితే నిరాశ తప్పదు. అందుకే అక్కడ ఏం చూడాలో ముందు చెబుతాను.

కృష్ణ ఒక పక్క నుంచి, గోదావరి ఒక పక్క నుంచి వేల ఏళ్ళు ఒండ్రు తెచ్చి పోసుకుంటూ వచ్చాయి. రెండు డెల్టాలూ పెరిగి, మధ్యలో పల్లం మిగిలిపోయింది. ఆ పల్లమే కొల్లేరు. మైలవరం కొండల నుంచి వచ్చే బుడమేరు, ఏలూరు పక్క నుంచి వచ్చే తమ్మిలేరు, రామిలేరు, గుండేరు అందులోకే వస్తాయి. ఇవి కాక రెండు డెల్టాల నుంచి పెద్దా చిన్నా మురుగు కాలువలు. అన్నీ కలిపితే అరవైకి పైమాటే. లోపలికి రావటానికి ఇన్ని దారులు. బయటికి పోవటానికి దారి ఒక్కటి, ఉప్పుటేరు. అది ఆకివీడు దగ్గర మొదలై, వంకర్లు తిరుగుతూ సుమారు అరవై కిలోమీటర్లు నడిచి సముద్రంలో పడుతుంది. దానికి వాలు చాలా తక్కువ. సముద్రం పోటు మీద ఉంటే నీరు దిగదు సరికదా, వేసవిలో ఉప్పునీరు పైకి ఎక్కుతుంది.

వచ్చేవాళ్ళు అరవైమంది, గుమ్మం ఒకటి. మన పింఛను ఆఫీసు కౌంటరు గుర్తుచేసుకోండి, కొల్లేరు హైడ్రాలిక్సు మొత్తం అర్థమైపోతుంది.

మా శాఖలో కొల్లేరును కాంటూర్లతో కొలుస్తాం. సముద్రమట్టానికి అయిదు అడుగుల ఎత్తు గీత, అంటే ప్లస్ అయిదు కాంటూరు, దాని లోపలి వైశాల్యం 308 చదరపు కిలోమీటర్లు. ప్లస్ పది దాకా నీరు ఎక్కితే 901 చదరపు కిలోమీటర్లు. అయిదడుగులు లేచేసరికి సరస్సు మూడింతలు అవుతుంది, అంత చదును నేల అది. అక్కడ ఒక అడుగు గట్టు వేసినా, ఒక అడుగు గట్టు తీసినా ఎన్ని ఊళ్ళు మునుగుతాయో, ఎన్ని తేలతాయో లెక్క వేయాలి. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

మన సంఘంలో క్రియాటినిన్ అంటే ఏమిటో తెలియనివాళ్ళు లేరు. మూత్రపిండం ఒంటికి ఏం చేస్తుందో కొల్లేరు రెండు డెల్టాలకూ అదే చేస్తుంది. వరదను తనలో నింపుకుని నెమ్మదిగా వదులుతుంది. ఒండ్రును కింద దించుతుంది, తుంగా కిక్కిసా మురుగును కొంత పీల్చుకుంటాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి, గండ్లు పడి, బెజవాడలో సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్ళలో ఉన్నది టీవీల్లో అందరం చూశాం. టీవీ వాళ్ళు వెళ్ళిపోయాక ఆ నీరు ఎక్కడికి పోయింది? కొల్లేరుకు పోయింది. ఏలూరు కైకలూరు రోడ్డు మీద ఎడ్లగాడి వంతెనల దగ్గర నీరెక్కి రాకపోకలు ఆగాయి. బెజవాడ మునక పేపర్లో మొదటి పేజీ, లంక గ్రామాల మునక లోపలి పేజీ.

మూడో కారణం, పక్షులు. నేను అక్కడ ఉద్యోగం చేసిన రోజుల్లో పక్షుల్ని చూడలేదంటే నమ్ముతారా? ఎం-బుక్కు తప్ప తల ఎత్తి చూసిన పాపాన పోలేదు. చూసింది రిటైరయ్యాకే.

కైకలూరు పక్కనే ఆటపాక. ఆటోలో పది నిమిషాలు. అక్కడ అటవీశాఖ వారి పక్షుల కేంద్రం ఉంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వెళ్ళండి, పొద్దున్నే వెళ్ళండి. గూడబాతులు, అదే ఇంగ్లీషులో పెలికాన్ అంటారు, గుంపులు గుంపులుగా ఉంటాయి. ఎర్రకాళ్ళ కొంగలు, నత్తగుల్లల కొంగలు, నీటికాకులు సరేసరి. గూళ్ళు కట్టుకునే చెట్లు పక్షుల రెట్టకు ఎండిపోతుంటే, నీళ్ళలో ఇనుప స్టాండ్లు పాతి పైన వల తట్టలు అమర్చారు. పక్షులు అభ్యంతరం చెప్పలేదు, అక్కడే కాపురం పెట్టాయి. క్వార్టర్సు ఎలా ఉన్నా సర్దుకుపోయిన మనలాగే.

గూడబాతు పిల్ల తిండి తినటం చూడాలి. తల్లి నోరు తెరిస్తే పిల్ల మెడదాకా తల లోపలికి దూర్చి, గొంతులోంచి చేప లాక్కుంటుంది. మా పక్కన కూర్చున్న ఒక పెద్దమ్మ చూసి, "మా వాడూ అంతేనయ్యా, ఇప్పటికీ" అంది. ఆవిడా కుటుంబ పింఛనుదారే.

ఈ పక్షులకు ఒక చరిత్ర ఉంది. 1940ల్లో కేరళకు చెందిన పక్షి శాస్త్రజ్ఞుడు కె.కె. నీలకంఠన్ పశ్చిమ గోదావరి జిల్లాలో గూడబాతులు గూళ్ళు పెట్టే పల్లెను గుర్తించి, 1949లో దాని గురించి రాశారు. ఊళ్ళో ఇళ్ళ మధ్య చెట్ల మీదే గూళ్ళు. తరువాతి కాలంలో ఆ పక్షులు అక్కడినుంచి వెళ్ళిపోయాయి. దశాబ్దాల తరువాత ఇప్పుడు ఆటపాకలో చూస్తున్నాం. పోయినవన్నీ పోయినట్టే అనుకోనక్కరలేదు అనటానికి అదొక రుజువు. మన వయసువాళ్ళకు అలాంటి రుజువులు అప్పుడప్పుడూ కావాలి.

నాలుగో కారణం, కొల్లేటికోట. ఆలపాడు మీదుగా వెళతారు. పెద్దింట్లమ్మ గుడి అక్కడ. ఫాల్గుణంలో జాతర, జలదుర్గకు గోకర్ణేశ్వరుడికి కల్యాణం. లంక గ్రామాల వాళ్ళు ఎక్కడున్నా ఆ జాతరకు వస్తారు. మోకాళ్ళ వాళ్ళు జాతర రోజుల్లో కాకుండా మామూలు రోజున వెళ్ళండి, అమ్మవారు తీరికగా కనపడుతుంది.

చరిత్ర ఇష్టమైనవాళ్ళకు ఒక మాట. రెండవ పులకేశి విజయాలు చెప్పే ఐహోళె శాసనం క్రీ.శ. 634 నాటిది. అందులో "కునాల" అనే నీటి దగ్గర యుద్ధం జరిగిందని ఉంది. అది మన కొల్లేరేనని చరిత్రకారులు గుర్తించారు. మన కైకలూరు బస్సులో పక్కసీటు వాడితో గొడవపడే చోట ఒకప్పుడు చాళుక్యులు గొడవపడ్డారన్న మాట.

ఇంకొక కథ జనంలో ఉంది. కొల్లేటికోటలో ఒడ్డె గజపతుల సైన్యం ఉంటే, ముట్టడించిన శత్రువులు చుట్టూ ఉన్న నీటిని దాటలేక, సరస్సు నీరు సముద్రంలోకి దించేయటానికి ఉప్పుటేరు తవ్వించారట. నీరు దిగుతుంటే కోటలోని సేనాని తన కూతుర్ని బలి ఇచ్చాడట. పేరంటాల కనుమ అనే పేరు అలా వచ్చిందంటారు. కథ నిజమో కాదో నేను చెప్పలేను. అయితే డ్రైనేజి ఓవర్సీరుగా నాకు అందులో ఒక సంగతి నచ్చింది. నీరు దించాలన్నా, నిలపాలన్నా చివరికి ఎవరో ఒకరి ఇంటి బిడ్డ మీదికే వస్తుందని ఆ కథ కట్టినవాడికి తెలుసు.

అయిదో కారణం, తిండి, మనుషులు. చేపలు తినేవారికి నేను చెప్పనక్కరలేదు. కైకలూరు నుంచి ఐసు పెట్టెల్లో చేపలు లారీలకెత్తి దేశం ఆ చివరి దాకా, బెంగాలు, అస్సాం వరకు పోతాయి. అవి చెరువుల్లో పెంచిన బొచ్చె, శీలావతి. మీరు అడగాల్సింది నాటు చేపలు. కొరమీను, ఇంగిలాయి, మట్టగిడస, బొమ్మిడాయి. ఇవి ఇదివరకులా దొరకవు, దొరికిన రోజు వదలకండి. శాకాహారులు దిగులు పడవద్దు. ఆ ఊళ్ళో పప్పూ ఆవకాయా కూడా తెలుసు. శ్యామలాంబ అమ్మవారి గుడికి సాయంత్రం వెళితే ఊళ్ళో సగం సమాచారం అక్కడే తెలుస్తుంది.

లంకల్లో మనుషులు మాటకారులు. నందిగామలంక, పెనుమాకలంక, శృంగవరప్పాడు, గుడివాకలంక, ఆగడాలలంక. పూర్వం వీటిలో చాలా వాటికి వర్షాకాలం దోనె తప్ప దారి లేదు. పురిటికైనా దోనే, పెళ్ళికైనా దోనే, పాడెకైనా దోనే. తాటి దోనెలో కదలకుండా కూర్చోవటం ఒక విద్య. మా ఆవిడ మొదటిసారి ఎక్కినప్పుడు, దోనె నడిపే అతను, "అమ్మగారూ, మీరు భయపడండి ఫరవాలేదు, కదలమాకండి" అన్నాడు. ఆ మాట మా ఇంట్లో సామెత అయిపోయింది. ఆపరేషను థియేటరుకు తీసుకెళుతున్నప్పుడు కూడా మా ఆవిడ నాతో అదే అంది. "భయపడండి ఫరవాలేదు, కదలమాకండి" అని.

ఇక ఆఖరి కారణానికి వస్తున్నాను.

నాది దివిసీమ. కోడూరు వైపు పల్లె. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు నేను ఉద్యోగరీత్యా నూజివీడులో ఉన్నాను. మూడో రోజుకు గానీ మా ఊరు చేరలేకపోయాను. మా పెద్దమ్మా, ఆవిడ ఇద్దరు మనవలూ పోయారు. ఈ సభలో దివిసీమ వాళ్ళున్నారు, వాళ్ళకు నేను వర్ణించి చెప్పనక్కరలేదు. మిగతావాళ్ళకు వర్ణించి చెప్పలేను. పదివేల మందికి పైగా పోయిన రాత్రి అది. ఆ తరువాత చాలా ఏళ్ళు నీటిపట్టు చూస్తే నాకు గుండె దడ వచ్చేది. నీటి శాఖలో పనిచేస్తూ నీరంటే భయం.

అలాంటివాణ్ణి కొల్లేరుకు వేశారు. దడ తగ్గింది అక్కడే. ఆ నీరు మీదికి రాదు. నెమ్మదిగా ఎక్కుతుంది, నెమ్మదిగా దిగుతుంది, మనకు వ్యవధి ఇస్తుంది. లంకలో ముసలివాళ్ళు గుమ్మం ముందు పుల్ల పాతి, "ఇవాళ రెండు వేళ్ళు ఎక్కింది" అని చెప్పుకుంటూ చుట్ట కాల్చుకునేవారు. వాళ్ళను చూసి నాకు నీరంటే భయం పోయింది. ఆ ఊరికి నేను పడిన మొదటి అప్పు అది.

ఆ అప్పు నేను ఎలా తీర్చానో చెబుతాను.

1970ల చివర మత్స్యకారుల సహకార సంఘాలకు ప్రభుత్వమే కొల్లేరులో చెరువులు తవ్వించి ఇచ్చింది. పేదవాళ్ళ బ్రతుకు బాగుపడాలనే ఇచ్చింది. 1980లు వచ్చేసరికి చేపల చెరువు అంటే బంగారు గని అని అందరికీ తెలిసిపోయింది. డబ్బున్నవాళ్ళు దిగారు. గట్టు పక్కన గట్టు లేచింది. ఒక మురుగు కాలువ కొల్లేరులో కలిసే చోట, సరిగ్గా నోటికి అడ్డంగా, ఒక ఆసామి గట్టు పోయించాడు. మా లష్కరు వచ్చి చెప్పాడు. వెళ్ళి చూశాను. నీరు పోయే దారిలో సగానికి పైగా మూసేశాడు. రిపోర్టు రాయాలి.

ఆ ఆసామి నాకు ఎప్పుడూ డబ్బివ్వలేదు. ఇస్తే తీసుకునేవాణ్ణీ కాదు, అప్పట్లో నాకు నామీద అంత గౌరవం. కాకపోతే ప్రతి ఆదివారం ఒక కొరమీను మా ఇంటికి వచ్చేది. ఊళ్ళో పెద్దమనిషి, మర్యాదకు పంపుతున్నాడు, తిప్పి పంపితే బాగుండదు అనుకున్నాను. రిపోర్టులో "ప్రవాహమునకు చెప్పుకోదగిన ఆటంకము లేదు" అని రాశాను. ఒక్క వాక్యం.

మరుసటి సంవత్సరం వానలకు ఆ కాలువ పైన ఉన్న పల్లెలో నీరు దిగటానికి వారం రోజులు ఆలస్యమైంది. దాళ్వాకు పోసిన నారు కుళ్ళిపోయింది. ఇళ్ళల్లో మోకాలి లోతు నీళ్ళు. నేను పరిశీలనకు వెళితే, మంచం మీద మంచం వేసి దానిమీద కూర్చున్న ఒక ముసలావిడ, "బాబూ, ఎండనపడి వచ్చావు" అని మజ్జిగ ఇచ్చింది. తాగాను. ఆ మజ్జిగ రుచి ఇప్పటికీ నా నోట్లోంచి పోలేదు. నా మీద విచారణ లేదు, మెమో లేదు. ఇంక్రిమెంట్లన్నీ సకాలంలో వచ్చాయి.

తరువాతి కథ మీకు తెలిసిందే. 1999లో ప్లస్ అయిదు కాంటూరు దాకా అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రాంసర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల్లో చేర్చారు. 2006లో కోర్టు ఉత్తర్వులతో చెరువు గట్లు కొట్టేశారు. అప్పుడు పెద్ద ఆసాములతో పాటు సహకార సంఘాల బీదవాళ్ళ జీవనాధారం కూడా పోయింది. ప్లస్ మూడుకు తగ్గించాలని 2008లో శాసనసభ తీర్మానం చేసింది. దాన్ని పరిశీలించిన అజీజ్ కమిటీ తగ్గించవద్దని చెప్పింది. కొట్టేసిన గట్లు కొన్ని మళ్ళీ లేచాయి. ఎవరి పక్షం న్యాయం అని ఇక్కడ తీర్పు చెప్పటానికి నేను నిలబడలేదు. లంకల్లో మత్స్యకారుడి మాట విన్నా నిజమే అనిపిస్తుంది, ఎగువన మునిగిన రైతు మాట విన్నా నిజమే అనిపిస్తుంది. అక్కినేని కుటుంబరావు గారి "కొల్లేటి జాడలు" నవల చదవండి, మన తరం వాళ్ళకు బాగా పట్టుబడుతుంది.

2016లో మా ఆవిడ పోయింది. పిల్లలు హైదరాబాదు రమ్మన్నారు. వెళ్ళి నాలుగు నెలలు ఉన్నాను. అపార్టుమెంటు అయిదో అంతస్తు. ప్లస్ యాభై కాంటూరు అనుకున్నాను, నవ్వొచ్చింది, చెప్పటానికి మనిషి లేదు. తిరిగొచ్చేశాను. ఒకరోజు ఏమీ తోచక రైలెక్కి కైకలూరులో దిగాను. సాయంత్రానికి తిరిగి వద్దామనుకున్నవాణ్ణి పదకొండు రోజులు ఉన్నాను.

మా పాత లష్కరు ఇంకా ఉన్నాడు. చూపు తగ్గింది, గొంతు మాత్రం అదే. ఇద్దరం ఆటో కట్టించుకుని ఆ కాలువ నోటికి వెళ్ళాం. ఆ గట్టు లేదు. 2006లో కొట్టేసినట్టున్నారు, తుంగ పెరిగి ఉంది, నీరు పారుతోంది. నాకు ఎన్నాళ్ళనుంచో గొంతులో ఉన్న మాట చెప్పాను. "ఆ రిపోర్టు నేను తప్పు రాశానయ్యా" అన్నాను.

అతను కాసేపు ఊరుకుని, "మాకు అప్పుడే తెలుసు అయ్యగారూ. ఆదివారం ఆదివారం చేప మీ ఇంటికి తెచ్చిచ్చింది నేనే కదా" అన్నాడు.

ముప్ఫై ఏళ్ళు నేను రహస్యం అనుకున్నది పల్లె అంతా తెలుసు. తెలిసీ మజ్జిగ ఇచ్చారు. నేను ఏమీ మాట్లాడలేకపోయాను. ఆటో అబ్బాయి తొందర చేస్తే ఎక్కి కూర్చున్నాం. "చలికాలం మళ్ళీ రండి, పిట్టలొస్తాయి" అన్నాడు మా లష్కరు. అప్పటినుంచి ఏటా వెళుతున్నాను. అతను పోయి మూడేళ్ళయింది. అయినా వెళుతున్నాను.

మిత్రులారా, మనలో చాలామంది రెవెన్యూలో చేశారు, ఇరిగేషన్‌లో చేశారు, బడుల్లో, ఆసుపత్రుల్లో, పంచాయతీల్లో చేశారు. మనం సంతకం పెట్టిన ఊళ్ళు ఎన్నో. మంచీ చేశాం, నాలాంటి వాక్యాలూ రాశాం. రిటైరయ్యాక కొత్త ఊళ్ళు చూడమని అందరూ చెబుతారు. పనిచేసిన ఊరికి, ఫైలు లేకుండా, జీపు లేకుండా, మామూలు మనిషిగా ఒకసారి వెళ్ళి నాలుగు రోజులు ఉండమని నేను చెబుతున్నాను. కైకలూరులో చేయనివాళ్ళు ఎవరూ అనుకోవద్దు. కృష్ణా డెల్టాలో వరి తిన్న ప్రతివాడూ తన మురుగు అక్కడికే పంపాడు. ఆ లెక్కన మనందరికీ ఆ ఊరితో చుట్టరికం ఉంది.

ఆచరణకు పనికొచ్చే నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను. కార్తీకం నుంచి మాఘం దాకా మంచి కాలం. పెద్ద హోటళ్ళు ఆశించవద్దు, మామూలు లాడ్జీలు ఉన్నాయి. మందులు రోజుకు రెండు రోజులు అదనంగా సర్దుకోండి. దోమతెర తప్పనిసరి. చుట్టూ నీళ్ళున్నా తాగే నీళ్ళు సీసా కొనుక్కోవాల్సిందే, అది ఆ ఊరి దురదృష్టం. చేపల లారీల వాసన రెండో రోజుకు అలవాటవుతుంది. ఆటపాకలో బోటు నడిచే రోజైతే ఎక్కండి, పక్షుల దగ్గర గట్టిగా మాట్లాడకండి. వినపడనివాళ్ళం గట్టిగా మాట్లాడతాం కాబట్టి ప్రత్యేకంగా చెబుతున్నాను. మనవల్ని తీసుకెళ్ళండి. వాళ్ళకు గూడబాతు చూపించండి, తరువాత ఉప్పుటేరు చూపించి, నీరు ఎటునుంచి వచ్చి ఎటు పోతుందో చెప్పండి. ఫోనులో దొరకని చదువు అది.

కార్యవర్గానికి ఒక విన్నపం. ఈసారి కార్తీక వనభోజనాలు ఆటపాకలో పెట్టండి. ఒక పూటతో సరిపెట్టకుండా రెండు రాత్రులు ఉందాం. లంకల నుంచి నలుగురు ముసలివాళ్ళను పిలిచి వాళ్ళ చేత మాట్లాడిద్దాం. మనం విందాం. సర్వీసులో ఉండగా వినటానికి మనకు వేళ చిక్కలేదు.

భయపడేవాళ్ళు భయపడండి, ఫరవాలేదు. దోనెలో మాత్రం కదలమాకండి.